ఎడమ వెనక చక్రం

కారు చక్రానికి ఏ బిళ్ల పెట్టాలో తేల్చడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీలో కొందరు నవ్వుతారు. నవ్వండి. ఆ పని చేసే నేను ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, మోకాళ్లు అరగ్గొట్టుకున్నాను.

మా ఇంటి పని మొదట కళాయి. ఇత్తడి బోకులకు లోపల తగరం పూత వేసి ఊరూరా తిరిగేవాళ్లం. స్టీలు గిన్నెలు వచ్చాక మాతో ఎవరికీ పని లేకపోయింది. ప్రొద్దుటూరులో ఒక మోటారు షెడ్డులో చేరి బంపర్లకు మెరుగు పెట్టడం నేర్చుకున్నాను, అక్కడి నుంచి చక్రాల బిళ్లలకు వచ్చాను. చదువు అప్పటికి లేదు. నలభై దాటాక నంబరు ప్లేట్లు చూసి అంకెలు, లారీల వెనక రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. రాతలో తప్పుంటే సర్దుకోండి. మాటలో తప్పుంటే మాత్రం వచ్చి అడగండి.

చక్రం బిళ్లను మేము వీల్ కప్పు అంటాం. చక్రం నడుమ నట్లు, బోల్టులు బయటికి కనిపిస్తుంటాయి. వాటిని మూసే మెరుపు రేకు అది. కొన్ని కార్లకు నట్ల వరకే మూసే చిన్న బిళ్ల ఉంటుంది. కొన్నిటికి ఆ చిన్న బిళ్లకు తోడు అంచున ఒక రింగు తొడుగుతారు. షోకు ఎక్కువైన వాళ్లకు చక్రమంతా మూసే పళ్లెం, దాని నడుమ ఫ్యాను రెక్కల్లాంటి బొడిపెలు. ఇప్పుడు మీరు బజారులో కొని వైరుతో కట్టుకునే ప్లాస్టిక్కు సంగతి నేను మాట్లాడటం లేదు. అది స్పీడ్ బ్రేకరు ఎక్కగానే ఊడి వేరే వాళ్ల గేటు ముందు పడుతుంది.

ఏ బిళ్ల పెట్టాలంటే ముందు కారు మొహం చూడాలి. బంపరు, గ్రిల్లు ఇప్పటికే మెరిసిపోతుంటే చక్రానికి చిన్న బిళ్ల చాలు. లేకపోతే పెండ్లి బ్యాండు వాళ్ల కోటు వేసినట్టుంటుంది. తర్వాత చక్రాన్ని చూడాలి. బిళ్లను పట్టి ఉంచడానికి చక్రానికి చిన్న చిన్న బొడిపెలుంటాయి. వాటి మీద గీతలు చూస్తే ఆ కారు ఇంతకు ముందు ఏం తొడుక్కుందో తెలిసిపోతుంది. మనిషి ఉంగరం తీసేసినా వేలి మీద మచ్చ ఉంటుంది కదా, అట్లా.

నా చివరి షెడ్డు యజమాని నాకన్నా బాగా చిన్నవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. ప్రొద్దుటూరు వాడే, కువైట్‌లో ఒక గ్యారేజీలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చాడు. అక్కడి షేకులు పాత అమెరికా కార్లు కొని, టాపు కోసి ఎత్తు తగ్గించి, బానెట్టు తీసేసి ఇంజను బయటికి కనపడేలా చేయించుకుంటారట. వాటిని హాట్ రాడ్ అంటారని ఆయన చెబితేనే నాకు తెలిసింది. రాష్ట్రం విడిపోయిన కొన్నాళ్లకు భాయ్ ఇక్కడికి వచ్చి, పాత కార్లను బాగుచేసే షెడ్డు తెరిచాడు. బంగారం కొనే ఊరు ఇది. తుప్పు పట్టిన కారుకు దుడ్లు పెట్టే వాళ్లు యాడుంటారని షెడ్డులో మా పెయింటరు మొదటి రోజే అన్నాడు. అన్నట్టే అయింది. స్కూటర్లకు డెంటింగు చేసుకుంటూ కూర్చున్నాం.

కువైట్‌లో పాత గ్యారేజీ సేటు మళ్లీ వీసా పంపాడు. పీర్ల పండగ అయిన వారం లోపల విమానం ఎక్కాలి. భాయ్‌కి పోవడం ఇష్టం లేదు. ఒక రోజు టీ తాగుతూ చెప్పాడు.

"మా చిన్నబిడ్డ నాకు నీళ్లు తెస్తే గ్లాసును పళ్లెంలో పెట్టి తెస్తాది మామా. చుట్టాలకు తెచ్చినట్టు. ఇప్పుడిప్పుడే పళ్లెం మానింది. మళ్ల పోతే మళ్ల పళ్లెమే."

అప్పుడు వచ్చింది ఆ కారు. జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డు ఊరిలో ఒక పెద్ద రైతు కుటుంబానిది. కారు ఆసామి కడపలో కాంట్రాక్టులు చేసుకుంటాడు, ఊరికి ఎప్పుడో వస్తాడు. వాళ్ల జేజినాయన, అంటే తాత, మద్రాసు నుంచి తెప్పించిన పొడుగు ముక్కు అమెరికా కారు కొట్టంలో శనగ పొట్టు కింద పడి ఉంది. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. డిక్కీలో గోనెసంచి, సంచిలో మూడు వీల్ కప్పులు.

బేరం ఆయన తేటగా చెప్పాడు. పులివెందులలో వాళ్ల మేనత్త ఉంది. ఆ కారులో పెరిగిన మనిషి. ఆమె కొట్టంలో ఒక జీపు, చనిపోయిన మొగుడి కారు ఉన్నాయి. వాళ్ల బంధువుల ఇళ్లలో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. అందరూ ఆమె మాట వింటారు.

"మా అత్త ఈ కారు ఎక్కితే మిగతావన్నీ నీ షెడ్డుకే వస్తాయి భాయ్. ఎక్కకుంటే నువ్వు చేసిన పనికి దుడ్లిస్తా, అంతే. పండగ నాడు ఊర్లో చూపిచ్చి, ఆడ నుంచి నేరుగా పులివెందులకు పోదాం."

"ఆమె ఎక్కకుండా ఏంటికుంటాది?" అన్నాడు భాయ్.

"నీకు మా అత్త తెల్దు."

ఇంజను, బాడీ భాయ్ చూసుకున్నాడు. రంగు పెయింటరు చూసుకున్నాడు. చక్రాలు నాకు వచ్చాయి. ఆసామి మూడు పాత బిళ్లలను కాలితో తోసి, సెల్‌ఫోనులో ఒక ఎర్ర కారు చూపించాడు. చక్రమంతా మూసిన పళ్లెం, నడుమ రెక్కలు.

"ఇట్లాటివి పెట్టు పెద్దాయనా. జమ్మలమడుగు బజార్లో పోతాంటే జనం అంగళ్లలో నుంచి బయటికి రావాల."

"ఫైరింజను పోయినా వస్తారప్పా," అన్నాను.

"ఇది హాట్ రాడ్ అన్నా," అన్నాడు భాయ్ ఫోను చూసి. "టాపు కోసిన కారు. దానికి ఆ రెక్కలు చెల్తాయి. మీది కోటు, తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి మాదిరి ఉండాది. దీనికి రెక్కలు పెడితే తలపాగా మీద గాలిపటం ఎగరేసినట్టు."

ఆసామికి నమ్మకం కుదరలేదు. ఇట్లాంటప్పుడు మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఒక్కో చక్రానికి ఒక్కో రకం బిళ్ల పెట్టి, కారును వీధిలో నెమ్మదిగా అటూ ఇటూ తోస్తాం. నిలబడిన కారుకు ఏ బిళ్లయినా బాగానే ఉంటుంది. తిరిగేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఎదురుగా టీ కొట్టులో కూర్చున్న వాళ్లు తీర్పు చెబుతారు. డబ్బులు పెట్టేది వాళ్లు కాదు కాబట్టి నిజం చెబుతారు.

ఆ రోజు ముందు చక్రాల్లో ఒకదానికి రెక్కల పళ్లెం, ఇంకోదానికి గుండ్రటి చిన్న బిళ్ల, కుడి వెనకదానికి సంచిలో దొరికిన పాత బిళ్ల పెట్టాను. రెక్కల పళ్లెం తిరుగుతుంటే టీ కొట్టాయన, "ఐస్‌క్రీము బండి వచ్చిందనుకుంటి," అన్నాడు. ఆసామి మొహం చిన్నబోయింది. గుండ్రటి చిన్న బిళ్లను చూసి, బాగుంది గానీ బోడిగుండు మాదిరి ఉందన్నారు. పాత బిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన గ్లాసు కింద పెట్టి, "దీనికి ఇదే," అన్నాడు. ఆ బిళ్ల అంచున ఒక మెట్టు, నడుమ ఉబ్బు, ఉబ్బు చుట్టూ తామర రేకుల్లాంటి సన్నని ఒత్తులు. తిరిగేటప్పుడు ఆ రేకులు కలిసిపోయి ఒక్క వెలుగు గీత అవుతాయి. ఆసామి ఒప్పుకున్నాడు.

పాతవి మూడే కాబట్టి, ఖాళీగా మిగిలిన నాలుగో చక్రానికి, ఎడమ వెనకదానికి, ఏ బిళ్ల పట్టేదో చూద్దామని వంగాను. వంగిన వాణ్ని అక్కడే కూర్చుండిపోయాను.

మిగతా మూడు చక్రాల బొడిపెల మీద ఏళ్ల తరబడి బిళ్లలు తీసి పెట్టిన గీతలున్నాయి, ఇనుము తేలి ఉంది. ఈ చక్రానికి అవి పైకి లేవు. గోటితో రంగు గీకాను. మీద నలుపు, దాని కింద నలుపు, దాని కింద ఇంకో పూత, అన్నిటికీ అడుగున కంపెనీ రంగు. గీతలు ఆ కంపెనీ రంగు మీద మాత్రం ఉన్నాయి. అంటే కారు కొత్తగా ఉన్నప్పుడే ఆ బిళ్ల పోయింది. తర్వాత ఆ చక్రం ఏ బిళ్లనూ ఎరగదు. మిగతా మూడింటిని మాత్రం బంగారంలా చూసుకున్నారు. మద్రాసు నుంచి కారు తెప్పించుకున్న మనిషి ఒక్క బిళ్ల తెప్పించుకోలేడా? బోడి చక్రంతో ఊరేగాడా?

పెయింటరును అడిగాను. "యాడో పడిపోయింటాది మామా. నీకేం పని?" అన్నాడు.

"పడిపోతే ఇంకోటి పెట్టరా?"

"పిసినారి ఏమో."

"పిసినారి రంగు ఇన్ని తడవలు ఏయిస్తాడా?"

ఆసామికి ఏమీ తెలియదు. ఆయన పుట్టేటప్పటికే ఆ చక్రం అట్లాగే ఉందట. అందరి కార్లూ అట్లాగే ఉంటాయనుకున్నాడట. నాకు మాత్రం ఆ చక్రం అన్నంలో రాయి మాదిరి అయింది. ఇంజను సంగతి అడుగుదామన్న సాకుతో భాయ్‌ని వెంటబెట్టుకుని పులివెందుల పోయాను.

ఆ పెద్దమ్మ వరండాలో కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. మేము ఎవరమో చెప్పాం. కూర్చోమంది, మా ముందు కూడా కాయలు పోసింది. అంటే మమ్మల్ని కూడా ఒలవమని.

"అమ్మా, ఆ కారు మొదట ఎట్లుండేదో చెప్తే అట్లనే చేస్తాం," అన్నాడు భాయ్.

"చెప్పను."

"ఏంటికమ్మా?"

"చెప్తే నా మాట ఇని చేస్తారు. అప్పుడు అది నా మాట అయితాది గానీ మా నాయన కారు ఎట్లయితాది? మీకు చేతనైనట్టు చేసి తీసకరాండి. మా నాయన కారైతే ఎక్కుతా. కాకుంటే మజ్జిగ తాపి పంపిస్తా."

కాసేపు ఒలిచాం. తర్వాత ఆమే అడిగింది.

"చక్రాల బిళ్లలు ఉండాయా, ఎవురన్నా అమ్ముకున్యారా?"

"మూడు దొరికినాయమ్మా," అన్నాను.

"మూడు," అంది. చేతిలో కాయ చేతిలోనే ఆగింది. "మూడేనా?"

"మూడే."

ఆమె కాయ ఒలిచి గింజను చేటలో వేయకుండా నోట్లో వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భాయ్ అన్నాడు. "చూసినావా, నాలుగోది పోయిందని ఎంత బాధపడిందో. ఆ నాలుగోదే మనల్ని ముంచుతాది మామా." నాకూ అట్లాగే తోచింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మొహాన్ని బాధ అని ఎట్లా చదివామో తెలియదు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్న వాణ్ని నేనొక్కణ్నే కాదు అక్కడ.

ఆ బిళ్ల ఎక్కడా దొరకదు. బెంగళూరులో పాత సామాను అమ్మేవాళ్లకు భాయ్ ఫోటోలు పంపాడు. రెక్కలవి ఉన్నాయన్నారు, చువ్వలవి ఉన్నాయన్నారు, తామర రేకులది లేదన్నారు. ఇక నేనే చేస్తానన్నాను. ఇత్తడి రేకు తెచ్చి, చింతకొయ్యలో గుంట తొలిచి, ఆ గుంటలో రేకును కొట్టి కొట్టి ఉబ్బు తీశాను. తామర రేకులు ఒక్కొక్కటి సుత్తి మొనతో ఒత్తాను. చిన్నప్పుడు బోకుల పని చేసిన చేయి మరిచిపోలేదు. నికెలు పూత పూయించి, మిగతా మూడింటి ఈడుకు తగినట్టు చింతపండు, బూడిద పెట్టి రుద్ది కొంచెం మందగింపజేశాను. నాలుగూ వరుసగా పెడితే పెయింటరు నాది ఏదో గుర్తుపట్టలేకపోయాడు. భాయ్ నా చేయి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఎడమ వెనక చక్రానికి దాన్ని అరచేత్తో కొట్టి బిగించినప్పుడు వచ్చిన చప్పుడు, కడుపు నిండిన చప్పుడు.

పండగ రోజు పొద్దున్నే బయలుదేరాం. భాయ్ నడుపుతున్నాడు, పక్కన ఆసామి, వెనక నేను. జమ్మలమడుగు బజారులో జనం నిజంగానే అంగళ్లలో నుంచి బయటికి వచ్చారు. ఆసామి అద్దం దించి మోచేయి బయట పెట్టుకున్నాడు. ఎర్ర కారు ఫోటో ఆయనకు ఇక గుర్తుకు రాలేదు.

ఊరిలో పీర్ల సావిడి ముందు ఆపాం. మా వైపు పీర్ల పండగంటే తురకలది, హిందువులది అని లేదు. ఊరందరిదీ. సావిట్లో వరసగా పీర్లు నిలబెట్టి ఉన్నారు. కర్రల మీద ఇత్తడివి, వెండివి, చేతి ఆకారంలో ఉన్నవి, ఆకు ఆకారంలో ఉన్నవి, వాటికి రంగు రంగుల గుడ్డలు, మల్లెదండలు. పీర్ల సేవ చూసే ముజావరు పెద్ద వయసు వాడు. నెమలీకల కట్టతో అందరి తలలూ తాకిస్తూ చక్కెర పెడుతున్నాడు. నేను చెప్పులు వదిలి లోపలికి పోయి దండం పెట్టుకుని తల ఎత్తాను.

చివరి నుంచి రెండో పీరు గుండ్రంగా ఉంది. అంచున ఒక మెట్టు. నడుమ ఉబ్బు. ఉబ్బు చుట్టూ తామర రేకులు, చింతపండుతో తోమి తోమి అరిగి, దండల సందులో నుంచి కనిపిస్తున్నాయి. ఆ ఒత్తులను నేను ఒక్కొక్కటీ కొట్టిన వాణ్ని. కళ్ల కన్నా ముందు నా చేతికి తెలిసింది.

"ఈ సామి యాడిదప్పా?" అని అడిగాను.

"చక్రం సామి," అన్నాడు ముజావరు. "పెద్దింటోళ్లు ఇచ్చింది."

నా వెనక ఆసామి ఉన్నాడు. "చిన్నప్పట్నుంచి చక్రం సామి, చక్రం సామి అని ఇంటానే ఉండా," అన్నాడు. "ఏం చక్రమో ఎప్పుడూ అడగల్యా."

"అడిగింటే చెప్పేవాళ్లం," అన్నాడు ముజావరు.

ఆయన అప్పుడు చిన్నవాడట, ఒడ్డు మీద నిలబడి చూశాడట. పండగ ఆఖరి రోజు పీర్లను ఏటికి తీసుకుపోయి కడుగుతారు. ఆ ఏడు పైన ఎక్కడో వాన పడి పెన్న ఉన్నట్టుండి వచ్చింది. అదే సమయంలో ఆసామి జేజినాయన కారులో ఏరు దాటుతున్నాడు, వెనక సీటులో కూతురు. నడి ఏట్లో ఇసుకలో చక్రం దిగబడింది. నీళ్లు తలుపులదాకా లేచాయి. ఆయన ముందు నుంచి బయటపడ్డాడు గానీ వెనక తలుపు తెరుచుకోలేదు.

"అందరి కన్నా దగ్గర మా నాయన ఉన్యాడు. చేతిలో పీరు ఉండాది. ఎడమ పక్క వెనక కిటికీ అద్దం దించుకోని బిడ్డ చేతులు సాపింది. బిడ్డను పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాల గదా. పీరును ఏట్లో ఇడిచిపెట్టినాడు."

"దొరికిందా?" అన్నాడు భాయ్.

"యాడ దొరుకుతాది? నీళ్లు తీసినాక ఇసకంతా ఎతికినారు. ఊర్లో మా నాయన్ను నానా మాటలు అన్యారు. సామిని ఇడిచిన చేతులు, వాని చేతి చక్కెర తినకూడదు అన్యారు. మీ జేజినాయన కారును ఒడ్డుకు లాగిచ్చి, ఆ పక్క చక్రం బిళ్ల పీకి, ఊరందరి ముందర మా నాయన చేతిలో పెట్టినాడు. 'నీ చేతిలో ఏం లేదని ఎవురన్నా అంటే ఇది చూపీ' అన్యాడు. తర్వాత వెండిది చేపిస్తానన్యాడు. మా నాయనే ఒద్దన్యాడు. జమ్మలమడుగులో దీనికి కాడ అతికిచ్చుకోనొచ్చి ఈడ నిలబెట్టినాడు. ఆ ఏటి నుంచీ అందరూ మా నాయన చేతి చక్కెర తింటాండారు."

"ఆ చక్రానికి ఇంకోటి పెట్టనని మొక్కుకున్యాడా ఆయప్ప?" అన్నాను.

"మొక్కుకోలేదు," అన్నాడు ముజావరు. "పెట్టలేదు."

బయటికి వచ్చాం. నా నాలుగో బిళ్ల ఎండలో మెరుస్తోంది. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ముగ్గురం ఆ చక్రం దగ్గరికే పోయాం.

"ఉండనీలే," అన్నాడు ఆసామి. "పెట్టింది బాగుండాది గదా. మా అత్త అప్పుడు ఇంత బిడ్డ. ఆమెకు చక్రాలు యాడ గుర్తుంటాయి? బోడి చక్రం చూసి పని సగంలో ఇడిచినారనుకుంటే?"

ఆ మాట తీసిపారేసేది కాదు. నాలుగు ఉన్న కారును ఎవరూ తప్పు పట్టరు. మూడు ఉన్న కారుకు మనం జవాబు చెప్పుకోవాలి. నోరు తెరిచి ఆ మాటే భాయ్‌తో అన్నాను. నా చేతి పని మీద మమకారం కూడా అందులో కొంత ఉందని మీకు చెప్పడానికి సిగ్గేం లేదు.

భాయ్ కారు వెనక్కి పోయాడు. డిక్కీ తెరిచి స్క్రూడ్రైవరు తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వే పెట్టినావు. నువ్వే తియ్యి మామా."

"ఆయమ్మ ఎక్కకపోతే?"

"కువైట్ యాడికీ పోదులే."

సందులో మొన పెట్టి తిప్పాను. గట్టిగా బిగించిన వాణ్ని నేనే కదా, ఊరికే రాలేదు. వచ్చేటప్పుడు కొత్త రంగు మీద ఒక గీత పడింది.

ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాం. ఆసామి మోచేయి లోపలే పెట్టుకున్నాడు.

ఆ పెద్దమ్మ గేటు బయటికి వచ్చి నిలబడింది. కారు ముందు వైపుకు పోలేదు. మేము పడిపడి మెరిపించిన బంపరు వైపు చూడనైనా లేదు. నేరుగా ఎడమ పక్క వెనక చక్రం దగ్గరికి వచ్చి, నడుం మీద చేయి పెట్టుకుని వంగి, నట్ల మీద అరచేయి ఆనించింది. బొటనవేలు ఆ గీత మీద ఆగింది.

"దీనికేదో పెట్టి తీసినారే."

"నేను పెట్టినానమ్మా. ఈయప్ప తీపిచ్చినాడు."

"ఎవురు చెప్తే?"

"ఎవురూ చెప్పల్యా," అన్నాడు భాయ్. "సావిట్లో చక్రం సామిని చూసినాం. ముజావరు చెప్పినాడు."

ఆమె భాయ్‌ని కింది నుంచి మీదిదాకా చూసింది. తర్వాత వెనక తలుపు తానే తెరుచుకుని ఎక్కి, ఆ పక్క కిటికీ దగ్గర కూర్చుని, తలుపు లాక్కుంది. ఆసామి ఏదో అనబోతే చేత్తోనే గమ్మునుండమంది. కిటికీ అద్దం దించే పిడి పట్టుకుని తిప్పింది. అద్దం కిందికి పోయింది. మళ్లీ తిప్పింది, పైకి వచ్చింది. దించింది, ఎత్తింది. భాయ్ ఆ పిడికి కొత్త పళ్లు కోయించి గ్రీజు పెట్టి ఉన్నాడు, పట్టులాగా తిరుగుతోంది. పనివాడు తప్ప ఎవరూ చూడరనుకునే పని అది.

"బాగా తిరుగుతాంది," అంది చివరికి. అద్దం పూర్తిగా దించి, బయట నిలబడిన భాయ్‌తో చెప్పింది.

"కొట్టంలో జీపు ఉండాది సూడు, దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటాండాయి. కోళ్లను తోలుకో. గుడ్లు మాత్రం ఆడనే పెట్టి జీపు తీసకపో."

భాయ్ తల ఊపి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ కొట్టంలోకి పోయాడు. లోపల కోళ్లు రచ్చ చేయడం మొదలుపెట్టాయి.